మేకు మీది బిళ్ళ

సుసన్నా రూతుకు తల దువ్వడం ఆ పొద్దున అది మూడోసారి. మొదట వేసిన జడలు లిడియమ్మ గారికి నచ్చలేదు. రెండోసారి వేసినవి సుసన్నాకే నచ్చలేదు. వాటిలో లోపమేమీ లేదు, ఆ తల ఇంకాసేపు చేతిలో ఉండాలని విప్పేసింది, అంతే.

"నొప్పైతుంది" అంది రూతు.

"ఏం నొప్పి కాదు. కదలకు."

"నీకెట్ల ఎరుక? తల నాది గదా."

ఐదేళ్ల పిల్ల. నోరు మాత్రం పంచాయితీ పెద్దమనిషిది. సుసన్నా నవ్వబోయి నవ్వలేక, రిబ్బను పళ్ల మధ్య పట్టుకుని పాపిడి తీసింది.

జనవరి నెల, డెబ్బయి నాలుగు. తొమ్మిదవుతున్నా మంచు విడలేదు. గోదావరి మీద నుంచి వచ్చే మంచూ, క్వార్టర్లలో వెలిగించిన బొగ్గు పొయ్యిల పొగా కలిసిపోయి, గోదావరిఖనిలో ఏ గోడ ఎక్కడ ఆగుతుందో, ఏ దారి ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. మిషన్ వాళ్లు నడిపే అనాథ పిల్లల ఇల్లు గని దారిలో చివర ఉంటుంది. ఆ ఇంటి గేటు కూడా కనిపించడం లేదు. క్రిస్మస్‌కు కట్టిన కాగితపు నక్షత్రం ఒక్కటే వరండాలో గాలికి తిరుగుతోంది. ఆ తెల్లటి పొగలోంచి ఈ రోజు ఒకావిడ రావాలి. స్వీడన్ అనే దేశం నుంచి, రూతును పెంచుకోవడానికి.

కోర్టు కాయితాలన్నీ అయిపోయాయి. మూడు రోజులు ఇక్కడే ఉండి, పిల్లకు అలవాటై, ఆ తర్వాత తీసుకుపోతుంది. రూతు ఫోటో చూసి ఏడ్చానని ఉత్తరంలో రాసిందట. లిడియమ్మ గారు ఆ ముక్క చదివి వినిపిస్తే, 'ఫోటో జూసి ఏడ్సుడు ఎవలకైనా అల్కటి పనే' అనుకుంది సుసన్నా. పైకి అనలేదు. లిడియమ్మ గారు ఈ ఇంటికి పెద్ద, తను ఆయమ్మ.

రెండేళ్ల కిందట సుసన్నా, ఆమె భర్త మార్కు ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లి ఇదే పిల్లను తమకివ్వమని అడిగారు. లిడియమ్మ గారు అర్జీ రాసి మిషన్ కమిటీకి పంపారు. జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది. ఒక గది క్వార్టరు, తండ్రి కాబోయేవాడికి దగ్గు, పిల్లను పెంచే తాహతు కనిపించడం లేదు. ఆ రోజు సాయంత్రం కూడా రూతుకు అన్నం తినిపించింది సుసన్నాయే. జీతానికైతే పెంచవచ్చు, ప్రేమకు పెంచడానికే తాహతు కావాలన్నమాట. ఆ కోపం ఆమెలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లారనివ్వలేదు కూడా.

"అయిందా?" అని రూతు లేచి నేరుగా గుమ్మం దగ్గరికి పోయింది. గుమ్మం పక్కన, తన ఎత్తుకు అందేట్టు, ఒక మేకు ఉంది. దాని కింద నిలబడి గౌను జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి చూసుకుని, మళ్లీ జేబులో వేసుకుంది.

ఆ మేకు కొట్టింది మార్కు. అతను గని మీద ల్యాంప్ రూంలో పని చేస్తాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన బిళ్ళ ఉంటాయి. దిగే ముందు బిళ్ళ కిటికీలో ఇచ్చి, తలకు పెట్టుకునే బత్తి తీసుకుంటారు. మార్కు ఆ బిళ్ళను గోడ మీది బోర్డుకు, అదే నంబరున్న మేకుకు తగిలిస్తాడు. పైకి వచ్చాక బత్తి ఇచ్చేసి, బిళ్ళ తీసుకుని ఇంటికి పోతారు. షిఫ్టు అయ్యాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అప్పుడు ఎవరూ ఇంటికి పోరు.

మధ్యాహ్నం మార్కుకు సద్ది తీసుకుపోయేటప్పుడు సుసన్నా వెంట రూతు కూడా పోయేది. బిళ్ళల చప్పుడు వింటూ ఆ కిటికీ దగ్గరే కూర్చునేది. ఒకరోజు మార్కు, నంబరు అరిగిపోయి మూలన పడేసిన బిళ్ళ ఒకటి రూతు చేతిలో పెట్టాడు. ఇక చూడండి. గేటు దాటి అడుగు పెట్టాలంటే బిళ్ళ మేకుకు తగిలించాలి, తిరిగి రాగానే తీసుకోవాలి. జ్వరంతో ఒళ్లు కాలిపోతూ దవాఖానకు పోయేటప్పుడు కూడా, భుజం మీద నుంచి కిందికి దిగి, తగిలించి, అప్పుడు ఎక్కింది. వంటామె రోజూ వేళాకోళం చేసేది. లిడియమ్మ గారు మొదట విసుక్కుని, తర్వాత అలవాటుపడిపోయారు.

జీపు చప్పుడు ముందు వినిపించింది. తర్వాత రెండు పసుపుపచ్చ దీపాలు కనిపించాయి. తర్వాత మంచులోంచి ఒక పొడుగాటి మనిషి దిగింది.

నలభై ఏళ్లుంటాయి. గోధుమరంగు కోటు వేసుకుంది. పేరు బిర్గిట్ అని లిడియమ్మ గారు పరిచయం చేశారు. ఒక్కతే వచ్చింది, భర్తకు సెలవు దొరకలేదట. సామ్యేల్ సారు, ఈ ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే ఆయన, తనకు వచ్చిన ఇంగ్లీషంతా ఒకేసారి వాడేయాలన్నట్టు మాట్లాడుతున్నాడు. పిల్లలు పాట పాడారు. బంతిపూల దండ వేశారు. ఆ దండతో ఆమె గుమ్మంలో నిలబడి, లోపల అంతమంది పిల్లల్లోంచి ఒక్క పిల్లను చూసింది. రూతు సుసన్నా కొంగు వెనక ఉంది. ఒక కన్ను మాత్రమే బయట ఉంది.

'ఇప్పుడు ఉరికొస్తది, ఎత్తుకుంటది, ముద్దులు పెడ్తది, పిల్ల జడుసుకుంటది' అనుకుంది సుసన్నా. అలా జరగాలనే కోరుకుంది. కానీ ఆమె రాలేదు. బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి, దూరంగా గచ్చు మీద కూర్చుంది. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగితే కుట్టుకున్న కుట్టు కనిపించింది. సుసన్నా చూపు అక్కడే ఆగిపోయింది. ద్వేషించడానికి ఒక గొప్పింటి దొరసానిని మనసులో ఎన్నాళ్లుగానో తయారు చేసి పెట్టుకుంది. ఆ దొరసాని కుట్టువేసిన మేజోడు తొడుక్కోదు.

తర్వాత రూతు కొంగు వదిలి రెండడుగులు ముందుకు వేసి, తనకు తోచిన మొదటి ప్రశ్న అడిగింది.

"నీ బిళ్ళ యాడ తగిలేసి వచ్చినవ్?"

బిర్గిట్ సామ్యేల్ సారు వైపు చూసింది. ఆయనకు సిగ్గేసింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఈ పిల్ల అడిగే మాటేనా ఇది? పాప మీకు స్వాగతం చెబుతోందని ఇంగ్లీషులో చెప్పేశాడు. బిర్గిట్ తల వంచి నమస్కారం పెట్టింది. రూతుకు జవాబు దొరకలేదు. జవాబివ్వని మనిషితో మాట్లాడేది లేదన్నట్టు మళ్లీ కొంగు వెనక్కి వచ్చేసింది. సుసన్నాకు లోపల ఎక్కడో సంతోషమేసింది, ఆ సంతోషానికి వెంటనే సిగ్గేసింది.

మరుసటి రోజు మంచు ఇంకా చిక్కగా ఉంది. మధ్యాహ్నమైనా సూర్యుడు మసక అద్దంలో దీపంలాగే ఉన్నాడు. సద్దిగిన్నె పట్టుకుని సుసన్నా, రూతు బయలుదేరుతుంటే బిర్గిట్ కూడా లేచింది. తనూ వస్తానని సైగ చేసింది. వద్దనడానికి సుసన్నాకు భాష లేదు.

రూతు మేకుకు బిళ్ళ తగిలించింది. బిర్గిట్ ఆ పని చూసి ఆగింది.

ముగ్గురూ నడిచారు. రూతు సుసన్నా వేలు పట్టుకుంది. రెండో చెయ్యి ఖాళీగా ఊపుకుంటూ నడుస్తోంది. ఆ చేతికి అటువైపు బిర్గిట్ నడుస్తోంది, కానీ అందుకోవడానికి ప్రయత్నించలేదు. ఎదురుగా వచ్చే మనుషులు మంచులోంచి ముందు చప్పుడుగా, తర్వాత నీడగా, చివరికి మనిషిగా మారి, దాటిపోయి మళ్లీ నీడలైపోతున్నారు. ఈ దారిలో పన్నెండేళ్లుగా నడుస్తోంది సుసన్నా. ఆ రోజు మాత్రం నేల మీద కాక, నిద్రలో ఎక్కడో నడుస్తున్నట్టు ఉంది. ఇలా నడుస్తూనే ఉంటే బాగుండును, ల్యాంప్ రూం రాకుండా ఉంటే బాగుండును అనిపించింది.

వచ్చేసింది. మార్కు కిటికీ లోపల బత్తీలు తుడుస్తున్నాడు. దొరసానిని చూసి గబుక్కున లేచి, చేతులు లాగుకు తుడుచుకుని, లోపలికి రమ్మన్నాడు.

బిర్గిట్ బోర్డు ముందు నిలబడిపోయింది. మొదటి షిఫ్టు లోపలే ఉంది. వరసలు వరసలుగా మేకులు, మేకుకో బిళ్ళ. ఆమె అటు నుంచి ఇటు, పై నుంచి కిందికి, పేర్లు చదువుతున్నట్టు చూసింది. ఆ చూపు కొత్తగా చూసేవాళ్ల చూపు కాదని మార్కు పట్టేశాడు.

"ఈమెకు ఎరుకనే" అన్నాడు మెల్లగా.

బిర్గిట్ ఒక వేలు ఎత్తి తన గుండె మీద పెట్టుకుంది. "పాపా" అంది. వాళ్ల భాషలో నాన్న అని. తర్వాత అరచెయ్యి నేల వైపు తిప్పి, మెల్లగా కిందికి దించింది. కిందికి, ఇంకా కిందికి. ఆ చెయ్యి మళ్లీ పైకి లేపలేదు. అక్కడే ఉంచి సుసన్నా వైపు చూసింది.

మార్కు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

తర్వాత ఇంటికి పోయాక సామ్యేల్ సారును అడిగితే తెలిసింది. ఆమెది చలికాలంలో వారాల తరబడి పొద్దు పొడవని ఊరట. అక్కడ ఇనుము తవ్వుతారట. తండ్రి ఆ గనిలోనే పోయాడు, భర్త ఇప్పుడూ అందులోనే చేస్తున్నాడు. సెలవు దొరకలేదన్నది అక్కడే.

బిర్గిట్ చెయ్యి దానంతటదే బోర్డు మీదికి పోయి ఒక బిళ్ళను తాకింది. అంతే, రూతు సుసన్నా వేలు వదిలి ఒక్క ఉరుకున పోయి ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"ముట్టద్దు! మనిషి లోపల ఉన్నప్పుడు ముట్టద్దు. మార్కు కాక తిడ్తడు."

పిల్ల ఆమెను మొదటిసారి తాకింది ఆ కోప్పడడంలోనే. బిర్గిట్ మోకాళ్ల మీద కూర్చుని, తప్పయిందన్నట్టు తల ఊపింది. రూతు ఆమె చెయ్యి వదల్లేదు. మళ్లీ ముడుతుందేమోనని అనుమానం. వచ్చేటప్పుడు దారంతా అలాగే పట్టుకుని, ఏ బిళ్ళ ఎందుకో, ఏ సైరన్ ఎప్పుడో చెబుతూనే ఉంది. బిర్గిట్‌కు ఒక్క మాటా అర్థం కాదు, ప్రతి మాటకూ తల ఊపుతోంది. ఖాళీ సద్దిగిన్నె ఊపుకుంటూ సుసన్నా వెనక నడిచింది. తన వేలు చల్లగా అయిపోయింది.

ఆ సాయంత్రం నీళ్లు పోస్తుంటే రూతు అడిగింది.

"అవ్వా, ఆమెతోని పోతే ఎన్ని షిఫ్టులు?"

పిల్లలందరూ సుసన్నాను ఆయమ్మ అనాలి. రూతు కూడా అలాగే అంటుంది. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడనప్పుడు మాత్రం అవ్వ, అంటే అమ్మ, అంటుంది.

"ఒక్కటే" అంది సుసన్నా. "పెద్ద షిఫ్టు."

"గంతేనా? బిళ్ళ తగిలేసి పోవాల్నా?"

చెంబు చేతిలోనే ఆగిపోయింది. ఇది అబద్ధమని తెలుసు. కానీ ఆ అబద్ధం పిల్ల కోసం కాదు. బిళ్ళ మేకు మీద ఉంటే పిల్ల ఎక్కడున్నా ఇక్కడి మనిషే. కమిటీ రాసిన నాలుగు వాక్యాలకు ఆ మేకే జవాబు.

"తగిలేసి పో బిడ్డా. నేను జూసుకుంట. ఎవ్వల్ని ముట్టనియ్య."

మూడో రోజు బండి సాయంత్రం ఐదింటికి. రెండింటికే జీపు గేటు ముందుకు వచ్చింది. తాను స్టేషన్‌కు చేరేలోపే బండి వెళ్లిపోతుందని లిడియమ్మ గారికి పుట్టినప్పటి నుంచీ భయం. ఆ భయం వల్ల ఎన్నో గంటలు ఆవిడ స్టేషన్లలో కూర్చున్నారు, మూడు రోజులుగా మంచు పడుతుంటే ఇక చెప్పేదేముంది.

రూతు కొత్త కోటు వేసుకుంది. అది మోకాళ్ల కిందికి వచ్చింది. ఏడవలేదు. ఒక షిఫ్టుకు ఎవరైనా ఏడుస్తారా? తోటి పిల్లలకు జాగ్రత్తలు చెప్పింది, వంటామెకు తన పళ్లెం ఎవరికీ ఇవ్వొద్దంది. గుమ్మం దగ్గరికి పోయి, మడమలెత్తి, బిళ్ళను మేకుకు తగిలించింది. అది కాసేపు ఊగి ఆగింది.

బిర్గిట్ చూసింది. మేకును చూసింది, సుసన్నాను చూసింది. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. చెయ్యి బిళ్ళ వైపు సగం దాకా పోయింది. అక్కడ ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది.

ఆమెకు అంతా తెలుసు. ఆ బిళ్ళ తగిలించి పోతే ఏమవుతుందో ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలుసు. తీయగలిగి కూడా తీయలేదు. సుసన్నా కోసం వదిలేసింది.

జీపు పోయింది. ముందు దీపాలు, తర్వాత చప్పుడు, చివరికి చప్పుడు కూడా లేదు.

మూడున్నరకు డ్యూటీ దిగి మార్కు సైకిలు మీద వచ్చాడు. సుసన్నా గుమ్మంలో కూర్చుని ఉంది. అతనికి అలవాటు కొద్దీ ముందు కనిపించింది మేకు.

"పోలేదా?" అన్నాడు.

"పోయింది."

"మరి బిళ్ళ గట్లనే ఉన్నది?"

"ఒక్క షిఫ్టే అని చెప్పిన. తగిలేసి పొమ్మన్న."

మార్కు సైకిలు గోడకు ఆనించాడు. దగ్గు వచ్చింది, తగ్గేదాకా గోడ పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో బోర్డు మీద తన షిఫ్టు బిళ్ళ ఉండగా అతను ఇల్లు చేరింది లేదు. మేకు ముందు నిలబడి, ఇప్పుడు కూడా కాలు కదలనట్టు నిలబడి, చివరికి అన్నాడు.

"బిక్షం యాదికున్నడా? పాత గనిల కప్పు కూలినప్పుడు తొమ్మిది దినాలు ఉన్నది ఆయన బిళ్ళ. ఆయన పెండ్లాం రోజు కిటికి కాడికి వచ్చేది. నన్నేం అడగకపోయేది. బిళ్ళ జూసి పోయేది. పొయ్యి ముట్టియ్యలే, ఏడ్వలే. తొమ్మిదో దినం తీసి చేతుల పెట్టిన. గప్పుడు ఏడ్సింది."

"గదంత ఇప్పుడెందుకు?"

"ఆ పిల్ల గూడ గట్లనే జూస్తది సుసన్నా. ఆడ, ఆ మంచుల, షిఫ్టు ఎప్పుడైతదా అని జూస్తది. ఆమె పెట్టింది తినది. ఆమెను అమ్మ అనది. ఎందుకంటవ్? డ్యూటీల ఉన్న గదా అనుకుంటది. ఎన్నేండ్లు జూస్తది?"

మంచులో ఎక్కడో రెండో షిఫ్టు వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు. సుసన్నా ఇంతవరకు ఒక్కసారీ పిల్ల వైపు నుంచి ఆలోచించలేదు. తన కోపం వైపు నుంచి, తన ఖాళీ చేతుల వైపు నుంచే ఆలోచించింది.

లేచి బిళ్ళ తీసింది.

"సైకిల్ మర్లియ్యి. జల్ది."

రామగుండం స్టేషన్‌కు పది మైళ్ల లోపే. మార్కు దగ్గుతూ తొక్కాడు, వెనక క్యారియర్ మీద కూర్చుని సుసన్నా బిళ్ళను గుప్పిట్లో పట్టుకుంది. దారి రెండు వైపులా ఏమీ కనిపించలేదు. సైకిలు కదలకుండా మంచే వెనక్కి పోతున్నట్టుంది.

బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగే ఉంది. లిడియమ్మ గారు రైలు పెట్టె తలుపు దగ్గర, సామ్యేల్ సారు కిటికీ దగ్గర ఉన్నారు. సుసన్నాను చూసి లిడియమ్మ గారు ముఖం చిట్లించారు, పిల్లను ఏడిపించడానికి వచ్చిందనుకుని. సుసన్నా ఆగలేదు. మెట్ల మీద నిలబడి ఉన్న రూతు ముందుకు పోయి గుప్పిలి విప్పింది.

"ఇగో, నీ బిళ్ళ."

రూతు కళ్లు పెద్దవి చేసింది. "షిఫ్టు గప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది బిడ్డా. నువ్వు పైకొచ్చేసినవ్."

రూతు బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది. తనదే. అరిగిపోయిన నంబరు, అంచున సొట్ట. లెక్క సరిగ్గానే ఉంది కానీ ఏదో తేడాగా ఉంది.

"మరి ఇప్పుడు యాడికి పోతున్న?"

"షిఫ్టు అయినంక యాడికి పోతరే? ఇంటికే గదా. ఇంటికి పోతున్నవ్." సుసన్నా బిర్గిట్ వైపు చూపించింది. "అమ్మతోని."

ఆ మాట అనడం ఎంత కష్టమో అన్నాక తెలిసింది. బిర్గిట్‌కు ఎవరూ తర్జుమా చేయలేదు. ఆమె మెట్లు దిగి సుసన్నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ అరచేతులు కూడా మోటుగా, పగిలి ఉన్నాయి. కాసేపటికి వదిలి, తన తలకు కట్టుకున్న గుడ్డ అంచు నుంచి దారం పీకి, బిళ్ళకు గుచ్చి రూతు మెళ్లో కట్టింది. రూతు కట్టనిచ్చింది.

బండి కూత వేసింది. రూతును లోపలికి ఎత్తుకున్నారు. కిటికీలోంచి ముఖం బయట పెట్టి, అప్పుడే గుర్తొచ్చినట్టు గట్టిగా అడిగింది. నీళ్ల చప్పుడు లేదు, చుట్టూ అందరూ ఉన్నారు, అయినా ఆ పిలుపుతోనే పిలిచింది.

"అవ్వా, మరి నువ్వు? నీ షిఫ్టు?"

"నాకింక డ్యూటీ ఉన్నది బిడ్డా" అంది సుసన్నా. "నువ్వు నడువు."

రూతు తల ఊపింది. అది సబబైన జవాబే. డ్యూటీ ఉన్నవాళ్లు ఉంటారు, అయినవాళ్లు ఇంటికి పోతారు. కిటికీ కదిలింది. ఇత్తడి బిళ్ళ ఒకసారి మెరిసి మంచులో కలిసిపోయింది.

తిరిగి వచ్చే దారిలో ఎత్తు దగ్గర మార్కుకు ఊపిరి అందలేదు. సుసన్నా దిగి సైకిలును వెనక నుంచి తోసింది. మూడు రోజులుగా ఏడవని మనిషి, తోస్తూ తోస్తూ అప్పుడు ఏడ్చింది. మార్కు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆపేస్తుందని తెలుసు.

ఎత్తు దాటాక కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ క్యారియర్ ఎక్కింది.

"జర జల్ది తొక్కు" అంది. "చిన్నోళ్లకు పాలు కలపాలె. ఈపాటికి ఏడుస్తుంటరు."